రైట్ రైట్!

నా స్నేహితురాలు బస్సు కండక్టరు. బతిమాలి సెలవు పెట్టించి విదేశం తీసుకొచ్చింది నేనే. "అక్కడైనా ఉద్యోగం మర్చిపోవే తల్లీ" అని విమానంలోనే ఒట్టు వేయించుకున్నాను.

ఊరు చూద్దామని సిటీ బస్సెక్కబోతే, తలుపు దగ్గరే జనం కిక్కిరిసి ఉన్నారు. వెనకేమో సగం ఖాళీ. పైగా అది కండక్టరు లేని బస్సు. ఇంకేముంది, ఒట్టు గాలికి పోయింది. మెట్టెక్కి నిలబడి, "జరగండి బాబూ, లోపలికి జరగండి! వెనకంతా ఖాళీయే!" అని అచ్చ తెలుగులో గదిమింది. భాష తెలియకపోయినా అందరూ బుద్ధిగా జరిగారు.

నేనింకా కిందే, ఊడిన చెప్పు తొడుక్కుంటున్నాను. మహాతల్లి అదే ఊపులో బస్సు రేకు మీద రెండు దెబ్బలు చరిచి, "రైట్ రైట్!" అంది. తలుపు మూసుకుంది. బస్సు కదిలిపోయింది!

చెప్పు చేత్తో పట్టుకుని, తిట్టుకుంటూ వెంటపడ్డాను. ఎర్రలైటు పుణ్యమా అని బస్సు ఆగింది. డ్రైవరు నవ్వాపుకోలేక తలుపు తీశాడు. రొప్పుతూ ఎక్కాను.

"నీ మొహం మండ! నన్ను..."

నా తిట్టు పూర్తి కాలేదు. ముందు సీట్లో కూర్చున్న ఆ ఊరి ముసలావిడ, చేతికర్రతో కమ్మీ మీద టంగుటంగున కొట్టి గట్టిగా అరిచింది:

"రైట్ రైట్!"