వంతెన చేసిన ప్రయోగం

వదినా ఆడపడుచులు ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు. వదిన ఫిజియోథెరపిస్టు. నదికి పడమటి ఒడ్డున ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిలో మోకాళ్ల నొప్పులతో వచ్చే ముసలివాళ్లందరూ ఆవిడ చేతుల్లో పడాల్సిందే. ఆడపడుచు సర్కారు పథకాలను పరిశీలించే కార్యాలయంలో పరిశోధకురాలు. ఒక పథకం వల్ల జనానికి నిజంగా మేలు జరుగుతోందా, జరుగుతోందని అందరూ అనుకుంటున్నారంతేనా అన్నది తేల్చడం ఆమె పని. అది ఉద్యోగం కాదు, జబ్బు అనేవాడు అన్న. కూర ఉప్పగా ఉందని ఎవరైనా అంటే, ఇంతకుముందు చప్పిడి తిన్నవాళ్లకా, అందరికీనా అని అడిగే రకం ఆమె.

ఆసుపత్రికి ఒక ఉచిత వ్యాను ఉండేది. అది రెండు ఒడ్లా తిరిగి మోకాళ్ల రోగులను ఎక్కించుకొచ్చి, వ్యాయామాలు అయ్యాక మళ్లీ దింపేది. ఆ వ్యాను శుద్ధ దండగని కార్యాలయంలో కొందరి వాదన. అదే లేకపోతే ముసలివాళ్లు మంచాన పడతారని మరికొందరి వాదన. గొంతు పెంచడానికి ఇరుపక్షాల దగ్గరా ఓపిక ఉంది కానీ ఆధారం ఎవరి దగ్గరా లేదు.

అలాంటి రోజుల్లో వంతెన స్తంభం ఒకటి పగులిచ్చింది. నడిచేవాళ్లను తప్ప వాహనాలను పోనివ్వలేదు. తూర్పు ఒడ్డుకు వ్యాను ఆగిపోయింది. ఆ కబురు వదిన అన్నాల దగ్గర చెప్పేసరికి ఆడపడుచు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అక్కడ జనం అవస్థ పడుతుంటే నీ మొహం వెలిగిపోతోందేమిటే?" అంది వదిన.

"వ్యాను ఎవరికి ఉండాలో ఎవరికి పోవాలో మనం తేల్చలేదు వదినా. వాళ్లూ తేల్చుకోలేదు. ఆ పగులు తేల్చింది. మనం ఆపాలంటే ఎవరికి ఆపుతాం? కాస్త ఓపికున్నవాళ్లకి. వాళ్లు ఎలాగూ బాగానే ఉంటారు, దాంతో వ్యాను దండగన్నట్టు కనిపిస్తుంది. ఇక్కడ ఆ తిరకాసు లేదు."

రెండు ఒడ్ల వాళ్లూ ఒకే మిల్లుల్లో పనిచేసి రిటైరయినవాళ్లు. ఇళ్లూ, వయసులూ, నొప్పులూ ఒకలాంటివే. మోకాలు ఎంతవరకు వంగుతోంది, కుర్చీలోంచి ఎంత తొందరగా లేస్తున్నారు అన్నవి వదిన ఎలాగూ ఎప్పటికప్పుడు కొలిచేది. వంతెన తెరిచాక మళ్లీ కొలిస్తే, వ్యాను ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ తేడా ఏమిటో బయటపడుతుంది. ఆ రోజు ఎప్పుడొస్తుందా అని ఆడపడుచు కాలు నిలిచేది కాదు. మధ్యాహ్నాలు వంతెన దాకా వెళ్లి పని ఎంతవరకు వచ్చిందో చూసేది. అక్కడి మేస్త్రీ ఆమెను తనిఖీ అధికారి అనుకుని, కనిపించినప్పుడల్లా కుర్చీ దులిపి వేసేవాడు.

వంతెన తెరిచారు. వ్యాను మళ్లీ తూర్పు ఒడ్డుకు వెళ్లింది. వచ్చినవాళ్లందరినీ వదిన కొలిచింది. లెక్క తేలాక ఆడపడుచు తన కళ్లను తనే నమ్మలేకపోయింది. వ్యాను లేని తూర్పు ఒడ్డు మోకాళ్లే మెరుగ్గా ఉన్నాయి. నడవక తప్పని మోకాళ్లు నడిచి బాగుపడ్డాయన్నమాట. ఆమె పై అధికారి సంబరపడిపోయాడు. వచ్చే ఏడు వ్యాను తీసేద్దామని, రెండు పేజీల నివేదిక చాలని చెప్పాడు.

ఆ సాయంత్రం ఆరిన బట్టలు మడతపెడుతూ వదిన మాటవరసకు అంది.

"సైరన్ ఎలా ఉన్నాడో ఏమో."

తూర్పు ఒడ్డున ఉండే ఒక రిటైరయిన మిల్లు కార్మికుడికి ఆసుపత్రిలో అందరూ పెట్టిన పేరది. ఆయన అబ్బా అంటే పక్క వార్డువాళ్లు లేచి కూర్చునేవారట. వంతెన తెరిచాక ఆయన రానేలేదని వదిన చెప్పింది. ఆడపడుచు చేతిలో దుప్పటి సగం మడతలో ఆగిపోయింది. ఇంకెవరెవరు రాలేదని అడిగింది. వదిన ఒక్కొక్కరినీ గుర్తుచేసుకుంటూ పోతుంటే ఆమె ఒడ్డువారీగా వేళ్ల మీద లెక్కపెట్టింది. పడమటి ఒడ్డున మానేసినవాళ్లు ఏ కొద్దిమందో. తూర్పు ఒడ్డున అంతకంటే చాలామంది. తిరిగి వచ్చినవాళ్లనే కొలిచారు. రానివాళ్ల మోకాళ్లు లెక్కలోనే లేవు.

మర్నాడు ఆమె కొంచెం గడువు కావాలని అడిగితే, అధికారి కోప్పడలేదు కానీ నీరసపడ్డాడు. నయమైపోయి, రానక్కర్లేక రాలేదేమో అన్నాడు. అయ్యుండొచ్చని, అదే కనుక్కుని వస్తానని ఆమె చెప్పింది.

ఆదివారం వదినా ఆడపడుచులిద్దరూ నడుచుకుంటూ వంతెన దాటారు. మొదటి ఇల్లు బొత్తాలూ దారాలూ అమ్మే ఒకావిడది. ఇరుగు పొరుగు ఇద్దరు ఆడవాళ్లతో కలిసి వంతెన మీద నడిచేదట. ఇప్పుడు మోకాళ్లు నిక్షేపంగా ఉన్నాయి, మీ దగ్గరికెందుకు రావాలని నవ్వింది. అధికారి చెప్పింది ఆ ఇంటి వరకు నిజమే. ఆడపడుచు మనసు తేలికపడింది. అలా తేలికపడినందుకే ఆమెకు తన మీద అనుమానం కూడా వచ్చింది.

సైరన్ ఉండేది మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. కోడలు తలుపు తీసింది. ఆయన కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. పలకరిస్తే జవాబు వినడానికి ముందుకు వంగాల్సి వచ్చింది. వదిన కింద కూర్చుని ఆయన మోకాలు వంచి చూసింది. సగం కూడా వంగలేదు. వ్యాను ఆగి, వ్యాయామాలు మానేసిన కొద్ది వారాలకు దిగబోయాడట. నడిమెట్ల మీద కాళ్లు వణికాయి. కోడలు పనికి వెళ్లిపోయింది, పడితే లేపే దిక్కు లేదు. మళ్లీ ఆ మెట్ల జోలికి పోలేదు.

"ఇప్పుడు వ్యాను వస్తోందిగా, రాకపోయారా?" అని వదిన అడిగింది.

"వ్యాను వీధి దాకా వస్తుందమ్మా. వీధి దాకా నేను రావాలిగా."

వదిన లేచి తలుపు దాకా వెళ్లి ఆ మెట్లు చూసింది. ఇన్నేళ్లుగా వ్యాను ఇంటికే వెళ్తోందని అనుకునేది ఆవిడ.

రానివాళ్లందరి ఇళ్లకూ తిరిగి కొలిచాక రెండు ఒడ్లకూ పెద్ద తేడా మిగల్లేదు. కానీ తూర్పు ఒడ్డున కొందరు బాగా కోలుకున్నారు, కొందరు బాగా కుంగారు. కోలుకున్నవాళ్లలో ఎక్కువమందికి నడవడానికి తోడుంది. ఇంకేం, తోడే మందని రాసెయ్యమంది వదిన. ఆడపడుచు ఒప్పుకోలేదు.

"పగులు వ్యాను తీసేసింది అంతే. తోడును అది పంచిపెట్టలేదు. ఆ బొత్తాలావిడ తోడుంది కాబట్టి నడిచిందా, నడవగలిగింది కాబట్టి తోడు దొరికిందా?"

నీతో వేగడం నా వల్ల కాదని వదిన లోపలికి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే నోట్లో బ్రష్షుతో వచ్చి, చీట్లు వేస్తే ఎలా ఉంటుందని అడిగింది. మెట్లు దిగలేనివాళ్లలో తోడు ఎవరికి ముందు దొరకాలో చీటీ తేలుస్తుంది. మిగతావాళ్లకు కొన్ని నెలలాగి ఇస్తారు, ఎవరికీ లేకుండా పోదు. ఆడపడుచు వదినను అమాంతం కౌగిలించుకుంది. పేస్టు నురగంతా భుజాన అంటింది.

అధికారి కొత్త నివేదిక చదివి, ఇంతకీ తీసేయాలా వద్దా అని విసుక్కున్నాడు. తీసేస్తే కొంతమందికి తేడా తెలియనే తెలియదని, తెలిసేవాళ్లు ఇక్కడికొచ్చి చెప్పలేరని ఆమె అంది. ఆయన కాసేపు కలం మూత తీస్తూ పెడుతూ కూర్చుని, వ్యాను ఇంకో ఏడాది ఉండనిచ్చాడు. చీట్లకూ ఒప్పుకున్నాడు. బొత్తాలావిడ లాంటివాళ్లు తోడు రావడానికి ముందుకొచ్చారు.

చీట్లలో సైరన్‌కు తర్వాతి వంతు వచ్చింది. వదిన మొహం చిన్నబోయింది. ఆ ఒక్క చీటీ మార్చమంది.

"మారిస్తే అది చీటీ కాదు వదినా, మన ఇష్టం."

"ఆయనా మనిషే. అన్ని నెలలు ఆ కిటికీ దగ్గర ఉంచమంటావా?"

ఆడపడుచు ఆ చీటీని మిగతావాటిలోంచి పక్కకు తీసి పెట్టింది. ఆయన్ని లెక్కలోంచి తీసేస్తానంది. తీసేసిన సంగతీ, ఎందుకు తీసేసిందీ కూడా దాచకుండా రాస్తానంది. నువ్వు వెళ్లి ఆయన్ని దింపుకో అంది.

వదిన ప్రతి ఆదివారం వెళ్లింది. ఒకసారి ఆడపడుచూ వెళ్లి రెండో రెక్క పట్టుకుంది. తనను లెక్కలోంచి ఎందుకు తీసేశారని మెట్ల మీద ఆగి ఆయన అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, ముందు తోడు దొరికినవాళ్లు ఎలా ఉన్నారో తేలగానే చెప్పమన్నాడు.

తేలింది. తోడు దొరికినవాళ్లలో చాలామంది వీధిలోకి దిగారు. దొరకనివాళ్లలో దిగినవాళ్లు తక్కువ. వింతేమిటంటే మోకాళ్లు వంగడంలో రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. మోకాలు మారకుండా మనిషి ఎలా దిగాడని ఆడపడుచు తల పట్టుకుంది. తోడుంటే భయం తగ్గిందేమోనని, ఆ భయం ఎంతుందో చూడ్డానికి తన దగ్గర కొలత లేదని వదిన చెప్పింది. మిగిలినవాళ్లకూ తోడు ఇచ్చారు. వ్యానులో ఇప్పుడు డ్రైవరు కాక ఇంకో మనిషి ఉంటున్నాడు. అతని పని మెట్లెక్కి తలుపు తట్టడం. వదినా ఆడపడుచులు మాత్రం భయాన్ని ఎలా కొలవాలా అని వాదించుకుంటూనే ఉన్నారు.