లుంగీ చాటున ఆరినవాణ్ని

నేను ఒక డ్రాయరును. నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం బాధ లేదు. చొక్కా గురించీ కండువా గురించీ అయితే గొప్పగా చెప్పుకుంటారు గానీ, మగవాడి అసలు సంగతులు తెలిసినవాణ్ని నేను. నన్ను మాత్రం ఎవరూ పలకరించరు.

పుట్టింది తిరుప్పూరులో. మెత్తటి నూలు అల్లిక, నడుముకి మంచి ఎలాస్టిక్, ముదురు నీలం రంగు. మేం ముగ్గురన్నదమ్ములం ఒకే పెట్టెలో రామచంద్రపురం బజారుకి వచ్చాం. అక్కడ మమ్మల్ని కొన్నది తాతారావు. కాకినాడ బస్సు నడిపే డ్రైవరు. దొంగసొత్తు కొంటున్నట్టు అటూ ఇటూ చూసి, సైజు కూడా సరిగ్గా అడక్కుండా సంచిలో దోపుకుని వెళ్ళిపోయాడు. అంత సిగ్గరి. చీమకు కూడా అపకారం చేసే రకం కాదు.

మనిషి శుభ్రం కూడానండోయ్. రోజూ రెండుపూటలా స్నానం చేస్తాడు. మొహానికి రెండుసార్లు సబ్బు, మెడకి, చంకలకి, పాదాలకి పీచుతో తోముడు. నడుము కిందకి వచ్చేసరికి మాత్రం అది తన ఒళ్ళు కానట్టు, ఎవరో పెద్దమనిషి ఇల్లయినట్టు, ఓ చెంబెడు నీళ్ళు మర్యాదగా పోసేసి ఊరుకుంటాడు. అక్కడ చెయ్యి పెట్టకూడదని చిన్నప్పుడు వీపు మీద రెండు వేసి నేర్పారు. ఎప్పుడు పెట్టాలో మాత్రం తర్వాతెవరూ చెప్పలేదు.

ఇక నా సంగతి. ఉతికాక నన్ను తీగ మీద వేసి, నా పైన లుంగీ కప్పేవాడు. నలుగురు తిరిగే వాకిట్లో ఇలాంటివి కనబడకూడదని వాళ్ళమ్మ పెట్టిన కట్టడి. ఆవిడ పోయినా కట్టడి పోలేదు. పైన లుంగీ హాయిగా ఎండ కాచుకునేది, కింద నేను చెమ్మతో ముక్కిపోయేవాణ్ని. పొద్దున్నే ఆ తడితోనే నన్ను వేసుకుని బస్సెక్కేవాడు. ఇంజను వేడి, రెక్సిను సీటు, రోజంతా చెమట. సాయంత్రానికి నా వాసన నాకే పడేది కాదు.

వైశాఖంలో తాతారావుకి పెళ్ళయింది. పెళ్ళికూతురు శేషారత్నం, మా బస్సు దారిలోనే ఉన్న ద్రాక్షారామం పిల్ల. గలగలా మాట్లాడుతుంది, చేపల పులుసు బ్రహ్మాండంగా పెడుతుంది. తాతారావు ఆమెను చూసి మురిసిపోయాడు. వచ్చేటప్పుడు రోజూ మల్లెపూలు తెచ్చేవాడు. ఆమె పూలు పెట్టుకునేది, కబుర్లు చెప్పేది, నవ్వేది. పడుకునే వేళకి మాత్రం గోడవైపు తిరిగిపోయేది.

పాపం, తాతారావు తనలో తాను కుమిలిపోయాడు. నల్లగా ఉన్నాననా, చదువు లేదనా, ఇష్టంలేని పెళ్ళి చేశారా అని అద్దం ముందు నిలబడి ఆలోచించేవాడు. కొన్నాళ్ళకి వాసన సంగతి వాడికే కాస్త అనుమానం వచ్చింది. వచ్చి ఏం చేశాడు? నీళ్ళూ ఎండా వదిలేసి, పౌడరు డబ్బా తెచ్చి నాలో సగం గుమ్మరించాడు. ఆ పైన సెంటు కొట్టుకున్నాడు. అది మండిన మంటకి వాడు గదిలో ఒంటికాలి మీద గెంతాడు. మధ్యాహ్నానికి పౌడరు చెమటకి ముద్దయింది. మల్లెపూల సెంటూ పాత వాసనా కలిసి, అంతకు ముందే నయమనిపించింది.

ఇంతలో ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు పుట్టింటికి వెళ్ళాలి, అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదు. వెళ్ళిన మనిషి మళ్ళీ రాదేమోనని తాతారావుకి లోపల ఒకటే దడ. ప్రయాణం రోజు పొద్దున్నే శేషారత్నం వాకిట్లోకి వచ్చి, తీగ మీద లుంగీ లాగేసి, మా ముగ్గుర్నీ ఎండలో బారుగా ఆరేసింది.

"ఏంటే అది? లోపలెయ్యి. పక్కింటోళ్ళు చూత్తారు," అన్నాడు తాతారావు కంగారుగా.

"చూడనియ్యండి. ఆళ్ళింట్లో మాత్రం లేవేంటి? తడితడిగానే ఏసుకుపోతన్నారు, ముక్కిపోయినియ్యి." క్లిప్పు పెడుతూ ఆమె గొంతు తగ్గించింది. "మీరు మంచోరండి. మీ మీద నాకేం లేదు. ఆ వాసనే పడలేకపోతన్నాను. ఎలా చెప్పాలో తెలీక గోడకేసి తిరిగి పడుకుంటన్నాను."

తాతారావు మొహం ఎర్రబడింది. ఆమె సంచి తీసుకుని, తన డ్యూటీకి ముందే వేరే బస్సెక్కించి వచ్చాడు. ఆ రోజు డ్యూటీలో గేర్లన్నీ తప్పుగా పడ్డాయట. నాకు వాడి మీద జాలేసింది, ఆ పిల్ల మీద గౌరవం కలిగింది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాడు. డాక్టరుగారు పెద్దాయన, చూసి కళ్ళజోడు సర్దుకున్నారు.

"రోగం ఏమీ లేదు బాబూ. స్నానం చేసేటప్పుడు ముందు చర్మం మెల్లగా వెనక్కి జరిపి, గోరువెచ్చని నీళ్ళతో కడుక్కో. అక్కడ తెల్లగా పేరుకుంటుంది చూడు, వాసన దాన్నుంచే. ఘాటు సబ్బులొద్దు. కడిగాక తడి లేకుండా అద్దుకుని, చర్మం మళ్ళీ ముందుకు జరుపుకో. తొడల సందులు కూడా పొడిగా ఉండాలి. రోజూ ఉతికి ఎండలో ఆరిన బట్టే కట్టుకో. ఆ పౌడరూ సెంటూ అవతల పారెయ్. దురదో మంటో ఉంటే మళ్ళీ రా."

"ఇంతేనాండి?" అన్నాడు తాతారావు.

"ఇంతే. ఎవరూ చెప్పరు, మీరూ అడగరు," అన్నారాయన.

ఆ ఆషాఢమంతా తాతారావు ఆ మాట తు.చ. తప్పలేదు. నేను ఎండకి కరకరలాడుతూ ఆరాను. నూలు వాసన నాకు మళ్ళీ తెలిసింది. ఫోనులో మాత్రం మొగుడూ పెళ్ళాలిద్దరూ "తిన్నావా", "తిన్నాను" అనడం తప్ప ఆ ఊసే ఎత్తలేదు. బస్సు ద్రాక్షారామం చేరినప్పుడల్లా వాడి కళ్ళు స్టాపంతా వెతికేవి. ఆమె ఉండేది కాదు.

నేనిప్పుడు ఎలాస్టిక్ సాగి, ముక్కలై, అదే బస్సు అద్దాలు తుడిచే గుడ్డనయ్యాను. అయినా ఆ శ్రావణం రోజు మాత్రం మరచిపోలేను. ద్రాక్షారామంలో బస్సు ఆగగానే శేషారత్నం సంచితో ఎక్కింది. వెనక సీట్లు ఖాళీగానే ఉన్నాయి. ఆమె అటు చూడలేదు. డ్రైవరు పక్కన, ఇంజను మూత మీద, వాడి మోచెయ్యి తగిలేంత దగ్గరగా వచ్చి కూర్చుంది.

తాతారావు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"అక్కడ వేడిగా ఉంటాది. ఎనక్కెళ్ళి కూచో," అన్నాడు.

ఆమె ఓసారి నిండుగా ఊపిరి పీల్చుకుంది. సంచి ఒళ్ళోకి తీసుకుని సర్దుకుంది.

"ఇక్కడే బాగుందండి," అంది.