మగపువ్వులు ఆలస్యమైన రోజులు

వనపర్తి ఊరి బయట ఉన్న క్రైస్తవ విశ్వవిద్యాలయంలో నవనీత జన్యుశాస్త్రం ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతోంది. గైడు డాక్టర్ జీవరత్నం రాసిన రిపోర్టు టైపు చేస్తూ చేస్తూ ఏడో పేజీ దగ్గర ఆగిపోయింది. "చదువురాని కూలీ మహిళల నిర్లక్ష్యం వల్ల కాయ నిలవలేదు" అని ఉందక్కడ.

ఆ కూలీల్లో ఒకామె అంజమ్మ. నవనీత కన్నతల్లి.

గద్వాల దగ్గర యూనివర్సిటీ కౌలుకు తీసుకున్న చేనులో కొత్త రకం పత్తి కోసం రెండు రకాలను కలిపే క్రాసింగ్ పెట్టారు. సాయంత్రం మొగ్గను గోటితో ఒలిచి మగభాగం తీసేయాలి. మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి దానికి అద్దాలి. పన్నెండు మంది ఆడవాళ్లు నలభై రోజులు నడుములు పడిపోయేలా ఆ పని చేశారు. అంజమ్మకు ఇరవై ఏళ్లుగా అదే పని. సెలవుల్లో తల్లి వెంట ఆ సాళ్లలో తిరిగిన నవనీతకు, ఎండకు వాడిన మగపువ్వు ఎంత అద్దినా దండగేనని పుస్తకాలు చెప్పకముందే తెలుసు.

ఆ మగపువ్వులు చేనులో లేవు. యూనివర్సిటీ తోటలో కోసి పెబ్బేరు మీదుగా వ్యానులో పంపాలి.

"సార్, ఈ మాట తీసెయ్యాలె," అంది నవనీత గైడు గదిలో నిలబడి. "వ్యాను లేటొచ్చిన దినాలే కాయ నిల్వలే."

జీవరత్నం కంప్యూటర్ మీంచి తల తిప్పలేదు. "మీ అమ్మ కాబట్టి నీకు బాధ ఉంటుంది. సైన్సులో బాధకు చోటు లేదు. డేటా ఉందా?"

"తెస్త సార్."

బయటికొచ్చాక ఇంటికి ఫోన్ చేసింది. అంజమ్మ గొంతు పీలగా వినిపించింది. "వచ్చే పంటకు మమ్ముల రావద్దన్నరు బిడ్డా. చేను చూసే హన్మంతు చెప్పిండు. మాకు పని రాదని సారు అన్నడంట."

నవనీత ఫోన్ పెట్టేసి నేరుగా గేటు దగ్గరికి నడిచింది.

గేటు కాపలా లాల్ అహ్మద్‌ది. ఏ బండి ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది అన్నీ లావుపాటి పుస్తకంలో రాసి పెడతాడు.

"చాచా, పూల వ్యాను టైములు కావాలె. నలభై దినాలవి."

ఆయన పుస్తకం తెరిచి ఆమె ముందుకు జరిపాడు. "ఆ బండి సక్కగ తోటకు యాడ పోతది బేటీ? బడి ఉన్న దినం సారు పిల్లల్ని బడికాడ దింపొచ్చినంకనే తోటకు పోతది. డ్రైవర్ నోటితోనే చెప్పిండు. చూస్కో, రాసిన."

ఒక్కో పేజీ ఫోటో తీసుకుంది. చేనుకు రోజూ పూలు ఎన్నింటికి చేరాయో, ఎన్ని అద్దారో, వాటిలో ఎన్ని కాయలు నిలిచాయో రాసిన నోటుబుక్కు ఆమె దగ్గరే ఉంది. లైబ్రరీలో కూర్చుని రెండూ పక్కపక్కన పెట్టి లెక్క కట్టింది. బడికి సెలవుండి పూలు పొద్దున పదింటిలోపు చేరిన రోజుల్లో నూటికి ముప్పై ఎనిమిది కాయలు నిలిచాయి. పదకొండు దాటిన రోజుల్లో తొమ్మిది. చేను అదే, మొక్కలు అవే, చేతులు అవే. లెక్క తేలిన కొద్దీ ఆమె కోపం తగ్గలేదు, పెరిగింది.

శుక్రవారం ఉదయం ప్రార్థన అయ్యాక సెమినార్ మొదలైంది. జీవరత్నం తెర మీద ఆ వాక్యం వేయగానే నవనీత లేచింది.

"సార్, డేటా అడిగిన్రు. తెచ్చిన."

"తర్వాత మాట్లాడదాం, కూర్చో."

"కూర్చోను సార్." అని తేదీలు, టైములు, కాయలు వరుసగా చదివింది. పదకొండో తేదీ దగ్గర ఆగి ఆయన వైపు చూసింది. "ఆ దినం పూలు వచ్చేసరికి పన్నెండున్నర. మీ పిల్లల్ని తొమ్మిదికి బడికాడ దింపినంకనే ఆ బండి తోటకు పోయింది సార్. నిర్లక్ష్యం ఎవరిది?"

జీవరత్నం మొహం ఎర్రబడింది.

మధ్యాహ్నం డీన్ యేసుమణి మేడం నవనీతను పిలిపించింది. "నీ లెక్క నేనూ చూశాను. సరైనదే. కానీ అందరి ముందు ఆయన పరువు తీశావు. క్షమించడం కూడా నేర్చుకోవాలి తల్లీ."

"ఒప్పుకోకముందే క్షమించమంటే ఎట్ల మేడం? రోజూ పొద్దున ప్రార్థనల మీరే చెప్తరు గదా, మొదలు తప్పు ఒప్పుకోవాలెనని. ఆయన పరువు మీకు కనవడ్డది. పన్నెండు మంది ఆడోల్ల పరువు కాయితం మీద తీసిన్రు. అది కనవడలేదా?"

యేసుమణి ఫోన్ అందుకుంది. "జీవరత్నం గారూ, రేపు ఉదయం గద్వాల వెళ్తున్నాం. మీరూ రావాలి."

మర్నాడు ముగ్గురూ చేరేసరికి ఆడవాళ్లు పక్క చేనులో పత్తి ఏరుతున్నారు. జీవరత్నం గట్టు మీద నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"పొరపాటు జరిగిందమ్మా."

అంజమ్మ ఒడిలోని పత్తి కింద పెట్టలేదు. "జరగలే సారూ. మీరు చేసిన్రు."

ఆయన డీన్ వైపు చూశాడు. ఆమె చేను వైపు చూస్తోంది.

"అవును... నేనే చేశాను."

"ఆ మాట హన్మంతుకు గూడ చెప్పున్రి. వచ్చే పంటకు మేమే వస్తం," అని అంజమ్మ మళ్లీ సాల్లోకి వంగింది.

రిపోర్టులో ఆ వాక్యం పోయింది. దాని చోట నవనీత గీసిన గ్రాఫు వచ్చింది. గ్రాఫు కింద ఆమె పేరు మాత్రం లేదు. అడిగితే, విద్యార్థుల పేర్లు వేసే పద్ధతి లేదన్నాడు జీవరత్నం. పోయిన ఏడు రిపోర్టులో ముగ్గురు విద్యార్థుల పేర్లున్న పేజీ జిరాక్స్ తీయించి, తన పేరూ వేయాలని రాసిన అర్జీకి పిన్ను కొట్టి, డీన్ ఆఫీసు బల్ల మీద పెట్టింది నవనీత.

"పెట్టి పోమ్మా, చూస్తం," అన్నాడు గుమాస్తా.

"ముట్టినట్టు ముద్ర కొట్టియ్యున్రి," అందామె. కొట్టేదాకా అక్కడి నుంచి కదల్లేదు.