నూకన్న ఆకలి

ఉదయం పది గంటలకల్లా గంజి సిద్ధం చేయడం గవరమ్మకి నలభై ఏళ్ళ అలవాటు. చేపల వేటకెళ్ళిన మొగుడు నూకన్న ఆ వేళకే అండమాన్‌లోని బాంబూఫ్లాట్ ఒడ్డుకి చేరేవాడు. ఆయన తిన్నాకే ఆమె తినేది. ఇప్పుడాయన కడుపులో కేన్సర్‌తో మంచాన పడి, కూడు మానేసి వారమైంది. ఆమె కూడా చాయ్ నీళ్ళ మీదే బతుకుతోంది.

ఆయన ఆకలి మాత్రం ఎక్కడికీ పోలేదు, కోడలు పద్మినికి వచ్చింది. పోయేవాళ్ళ ఆకలి ఇంట్లో ఇంకొకరికి రావడం ఆ వీధిలో ఎరగనిదేం కాదు. కానీ కోడలికే ఎందుకు రావాలి? అదే గవరమ్మకి మింగుడుపడలేదు. జన్మలో ముట్టని, మావకిష్టమైన ఎండు మెత్తళ్ళు కాల్చుకుని పద్మిని గంజిలో నంజుకుంటుంటే, తలుపు చాటున నిలబడి ముద్ద ముద్దకీ కాపు కాసేది. మొగుడి నోటికాడ కూడు లాక్కుంటోందని కడుపు మండిపోయేది.

"మావకి పెట్టావేటే?"

"దీదీ వద్దంది కదత్తా."

ఆ దీదీ మీదా అనుమానమే. ఆఖరి రోజుల్లో ఉన్నవాళ్ళని ఇంటికొచ్చి చూసే నర్సు ఆవిడ, సాయిలక్ష్మి.

"జబర్దస్తీగా పొయ్యకండి ఆంటీ. మింగలేరు, ఊపిరితిత్తుల్లోకి పోద్ది. తడిగుడ్డతో పెదాలు తడపండి, బస్, అంతే. ఒంటికి ఇప్పుడు కూడు అక్కర్లేదు."

కూడు అక్కర్లేని ఒళ్ళుంటుందా? ఇద్దరూ కూడబలుక్కున్నారని తేల్చేసుకుంది గవరమ్మ.

గురువారం మందుల కోసం పద్మిని ఫెర్రీ ఎక్కి పోర్ట్ బ్లెయిర్ వెళ్ళింది. ఇదే అదను అనుకుని గవరమ్మ గంజి గిన్నెతో మంచం దగ్గర కూర్చుంది. చెంచా ఆయన పెదాలకి ఆనించబోయేసరికి పదైంది. ఇంట్లో ఇంకెవరూ లేరు కాబట్టి ఆకలి ఆమెకే వచ్చింది.

కడుపు నకనకలాడిపోయింది. రాత్రంతా వల లాగిన మనిషి ఆకలి అది. మొగుడికంటే ముందు తినడమేమిటని సిగ్గుపడి, పళ్ళు బిగించి ఓర్చుకుంది. ఎంతసేపని ఓర్చుకుంటుంది? చెంచా తన నోట్లోకే పోయింది.

మంచం మీద నూకన్న దవడలు కదిలాయి. నాలుగు రోజులుగా పెగలని గొంతు పెగిలింది.

"ఉప్పు సాల్లేదే."

గవరమ్మ భోరుమంది. ఏడుస్తూనే ఉప్పు కలుపుకొచ్చి, ఆయన పక్కనే కూర్చుని గిన్నె ఖాళీ చేసింది. నూకన్న తృప్తిగా త్రేన్చి కళ్ళు మూసుకున్నాడు.

ఆదివారం ఆయన పోయాడు. తనూ ఆయన వెనకే పోతానని గవరమ్మ పచ్చి మంచినీళ్ళయినా ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకుంది. ఎవరెంత బతిమాలినా లేవలేదు. మూడో రోజు పది గంటలకి తనే లేచి కూర్చుంది.

"పద్మినీ, గంజి పెట్టవే. మీ మావకి ఆకలేత్తంది."