కాలిలో లూజ్ బండ

మా నాయన రామాంజినప్ప కాలిలో మేకు దిగిన సంగతి నేను చూసి చెప్పేదాకా ఆయనకే తెలియదు. షుగర్ వచ్చి ఏళ్ళు గడిచాయి, పాదాల్లో స్పర్శ లేదు. నేల మీద నెత్తురు చూసి, ఎవరిదో అనుకొని ఇల్లంతా వెతికాడట. నవ్వాలో ఏడవాలో తెలియక ఆయన్ని తిట్టాను.

బొటనవేలి కింద ఆ పుండు ఎన్ని కట్లు కట్టినా మానలేదు. కోలారులో డాక్టర్ శశికుమార్ దగ్గరికి తీసుకెళ్ళాను. మొదటి రోజే ఆయన సన్నటి ఉక్కు కడ్డీని పుండులో పెట్టి మెల్లగా తాకి చూశాడు. "మెత్తగానే ఉండాదమ్మా, ఎముక తగల్లేదు, మంచిదే," అన్నాడు. నాయన కళ్ళు ఆ కడ్డీనే అంటిపెట్టుకున్నాయి. తను పనిచేసిన బంగారు గని మూతపడి ఇన్నేళ్ళయినా ఇనుము కనబడితే చాలు ఆయనకు అంతే. నేను పట్టించుకోలేదు.

మందులు, సూదులు, తిండి, పాదం మీద బరువు పడకుండా వేరే చెప్పు, అన్నీ చెప్పినట్టే చేశాం. షుగర్ దిగింది. పుండు మాత్రం చూపించడానికి వెళ్ళిన ప్రతిసారీ ఇంకాస్త లోతయ్యేది. చివరికి డాక్టర్ నన్ను పక్కకు పిలిచి, "ఇట్లే ఉంటే మోకాలి కింద తీసేయాల్సి వస్తాది," అన్నాడు. ఆ మాట నాయన చెవిన పడింది. తిరుగు బస్సులో, "గుండప్పకు చెప్పాల," అన్నాడు.

గుండప్ప నేను పుట్టకముందే గనిలో చచ్చిపోయిన మనిషి. అయినా కేజీఎఫ్‌లోని గని కార్మికులకు వరుసగా కట్టిన మా లైన్ ఇంట్లో తలుపు దగ్గర ఆయనకొక పీట ఉంది. దాని మీద ఎవరినీ కూర్చోనివ్వడు నాయన. చిన్నప్పుడు ఆ పీటంటే నాకు భయం, పెద్దయ్యాక చిరాకు. ఈ మధ్య మళ్ళీ భయం పట్టుకుంది. ఖాళీ పీటతో ఆయన మాట్లాడుతున్నాడు. "ఇంగా కాలేదప్పా, ఆడనే ఉండు," అంటున్నాడు.

ఒక పొద్దున నరసాపురం ఫ్యాక్టరీకి వెళ్ళే మా కంపెనీ బస్సు రాలేదని ఇంటికి తిరిగొచ్చాను. లోపల ఏదో తడుతున్న శబ్దం. నాయన కట్టు విప్పి, కాలు ఒళ్ళోకి మడుచుకొని, స్పూను కాడతో పుండులో తట్టి చెవి వంచి వింటున్నాడు. తట్టడం, వినడం, గీకడం. ఆయన ముఖంలో నొప్పి ఆనవాలు కూడా లేదు. గనిలో పనిచేసేటప్పుడు కూడా ఇలాగే ఉండేవాడేమో. నేను పెట్టిన కేకకు పక్కింటి మునిలక్ష్మమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏం చేస్తా ఉండావు నాయనా?"

"లూజ్ తీస్తా ఉండాను. అడ్డం రావద్దు. డాక్టరు కూడా కడ్డీతో చూసినాడు కదా, మెత్తగా ఉండాదన్నాడు. గట్టి శబ్దం వచ్చేదాకా తీయాల. తీయకుండా మనుషుల్ని లోపలికి పంపితే సస్తారు."

గనిలో మందుపెట్టి పేల్చాక పైకప్పును గడ్డపారతో తట్టేవారు. ఖంగుమంటే గట్టి బండ. డొల్లగా మోగితే వదులు బండ, వాళ్ళ మాటల్లో లూజ్. దాన్నంతా రాల్చాకే, కప్పు కూలకుండా దూలాలు నిలబెట్టే గ్యాంగు లోపలికి రావాలి. కప్పు కూలిన ఆ రోజు తట్టింది నాయన. గట్టిగా ఉందని చెప్పి పైకి వచ్చేశాడు. దూలం ఎత్తుకొని లోపలికి పోయింది గుండప్ప.

కాలిలో గట్టి శబ్దం రావాలంటే ఎముక తగలాలి.

ఆ పొద్దునే కోలారుకు తీసుకెళ్ళాను. జరిగింది వినగానే డాక్టర్ ముఖం ఎర్రబడింది. తర్వాత కుర్చీ లాక్కొని నాయన ఎదుట కూర్చున్నాడు.

"పెద్దాయనా, దెబ్బ తగిలితే నెత్తురులోంచి తెల్ల కణాలు వస్తాయి. మొదట వచ్చే గ్యాంగు క్రిముల్ని చంపి చెత్త తీస్తాది. దాని పని అయినాక మాంసం కట్టే గ్యాంగు మొదలుపెట్టాల. షుగర్ ఉండేవాళ్ళకు మొదటి గ్యాంగు తొందరగా దిగదు. దానికి తోడు నువ్వు గీకినప్పుడల్లా అది మళ్ళీ మొదటికొస్తా ఉండాది. కట్టేవాళ్ళు బయటే నిలబడిపోయినారు."

నాయన తన కాలికేసి చూసుకున్నాడు. "బయట ఉంటే మంచిదే కదా సార్. బతికుంటారు."

అప్పుడు నాకు అర్థమైంది. తన కాలు పోయినా సరే, తన మాట నమ్మి ఇంకొకడు లోపలికి రాకూడదని చూస్తున్నాడు ఈ మనిషి. ఇన్నాళ్ళూ తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"నాయనా, ఇది బండ కాదు. ఈడ మెత్తగా ఉంటేనే మేలు. వాళ్ళను రానీ."

"ఏమన్నా అయితే?"

"నామీద పెట్టు. చెప్పింది నేను."

ఆయన చొక్కా జేబులోంచి స్పూను తీసి నా చేతిలో పెట్టాడు. షిఫ్టు దిగేవాడు గడ్డపారను అప్పజెప్పినట్టే, రెండు చేతులతో.

ఆ తర్వాత నేను పనికి పోయినప్పుడు మునిలక్ష్మమ్మ ఆయన దగ్గర కూర్చునేది. పుండు అడుగున ఎర్రటి కొత్త మాంసం కనబడింది. అంచులు దగ్గరపడుతూ వచ్చాయి. "ఇంగ కొయ్యాల్సిన పని లేదు," అని డాక్టర్ అనగానే అందరి ముందూ ఏడ్చేశాను.

నాయన ఏడవలేదు, నవ్వలేదు. "సార్, పని అయినంక లోపలుండే వాళ్ళంతా పైకి వస్తారా?" అని అడిగాడు.

"మొదట పోయినవి చాలా వరకు ఆడనే చచ్చి..." అని డాక్టర్ చెప్పబోయాడు.

"వస్తారు నాయనా," అన్నాను గబుక్కున. "అందరూ వస్తారు."

నాయన నా ముఖంలోకి చూశాడు. నమ్మాడు.

ఇంటికి రాగానే గుండప్ప పీటను తుడిచి, వాకిట్లోకి జరిపి, మూసేసిన గని షాఫ్టు వైపు తిప్పి పెట్టాడు. ఇప్పుడు కాలు పూర్తిగా మానింది. రోజూ సాయంత్రం ఆ పీట పక్కన కూర్చుంటాడు. నేను బస్సు దిగి వచ్చేసరికి ఒకటే అడుగుతాడు.

"అందరూ వస్తారంటివే అమ్మా. గుండప్ప ఇంగా రాలేదే?"