చిటికెడు అడిగినవాడికి

మీటరు అనేవాడు నన్ను అడిగింది చిటికెడు. నేను గంపెడు పోశాను. జరిగింది అదే.

ఫోనులో మాకొక గుంపుంది. చిక్కులెక్కలు వేసుకునేవాళ్ళ గుంపు. నూట నలభై మంది దాకా ఉంటాం. ఒకరు లెక్క పెడతారు, మిగతావాళ్ళు తల బద్దలుకొట్టుకుంటారు. నడిపేది ఒక టీచరమ్మ. ఆవిడ పెట్టిన కట్టుబాటు ఒకటే. అడగనివాడికి జవాబు చెప్పకూడదు, అడిగినవాడికి అడిగినంతే చెప్పాలి. చిటికెడు అంటే ఒక్క మాట సాయం. గుప్పెడు అంటే సగం దారి. గంప అంటే మొత్తం. గంప అడిగినవాణ్ణి వారం రోజులు ఏడిపిస్తారు. "దించుకున్నావా, మెడ పట్టెయ్యలేదు కదా" అంటారు. అందుకని గంప ఎవరూ అడగరు.

నేను నలభై ఏళ్ళు అద్దాలు కోశాను. కిటికీలవి, బీరువాలవి, ఫొటోల మీద వేసేవి. చూపు మందగించాక మానేశాను. మా కోడలు మందుల షాపులో పనిచేస్తుంది. ఈ గుంపు నాకు చూపించింది ఆమే. "రోజంతా గోడకేసి చూస్తూ కూర్చుంటారు, ఇదన్నా చూస్తూ కూర్చోండి మామయ్యా" అంది. మూడో తరగతి అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను. రాయడం తక్కువ. కాగితం మీద బొమ్మ గీసి ఫొటో పెడతాను. ఎక్స్‌లూ వైలూ ఉన్న లెక్కల జోలికి పోను. కోసేవీ పేర్చేవీ అయితే వేళ్ళకి అందుతాయి. గుంపులో నన్ను అద్దాల తాత అంటారు.

మీటరు అసలు పేరు నాకు తెలియదు. ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్ల రీడింగు రాసుకునే పని చేసేవాడు. నిచ్చెన మీంచి పడి నడుము పోయింది. రెండేళ్ళుగా మంచం మీదే. చేతులు బాగానే ఉన్నాయి. నోరు ఇంకా బాగుంది. గుంపులో ఎవరన్నా "మీటరూ, ఇంకా తిరుగుతున్నావా" అని అడిగితే "తిరుగుతూనే ఉన్నా, బిల్లు నీ ఇంటికే వస్తుంది" అనేవాడు.

ఎండాకాలంలో టీచరమ్మ ఒక లెక్క పెట్టింది. ఒక ముక్కోణం. అందులో ఒక మూల మూలమట్టం కన్నా, అంటే లంబకోణం కన్నా, వెడల్పు. దాన్ని చిన్న చిన్న ముక్కోణాలుగా కొయ్యాలి. ఎన్ని ముక్కలైనా సరే. ప్రతి ముక్కలో ప్రతి మూలా మూలమట్టం లోపలే ఉండాలి. మట్టానికి సరిగ్గా సరిపోయినా ఒప్పుకోరు.

వినడానికి చిన్నదే. కొయ్యబోతే తెలుస్తుంది. వెడల్పు మూల నుంచి ఎదుటి అంచుకి గీత దించితే ఆ మూల రెండవుతుంది, బాగానే ఉంటుంది. కానీ గీత దిగినచోట ఇటో అటో మళ్ళీ వెడల్పు మూల పుడుతుంది. దాన్ని కోస్తే ఇంకోచోట పుడుతుంది. "అద్దె ఇంట్లో నల్లుల్లా ఉంది అన్నా, ఈ మంచంలో చంపితే ఆ మంచంలో తేలుతున్నాయి" అని రాశాడు మీటరు.

పది రోజులకి గుంపు దాన్ని వదిలేసింది. తెలిసినవాళ్ళు నోరు కట్టుకున్నారు. తెలియనివాళ్ళు ఇంకో లెక్క మీద పడ్డారు. నాకు తెలియలేదు. మీటరు వదల్లేదు. వాళ్ళావిడ అట్టకి కాగితం బిగించి గుండెల మీద ఆనించేది. రోజూ పొద్దున కాఫీ వేళకి తప్పిన బొమ్మ ఫొటో తీసి నాకు పంపేవాడు. గుంపులో కాదు, నాకు విడిగా. కింద "రీడింగు సున్నా" అని ఉండేది. నేను "ఊఁ" అని పెట్టేవాణ్ణి. ఆరు నెలలు మా మాటలు ఇవే. ఇద్దరం ఒకరి గొంతు ఒకరం వినలేదు.

ఒకసారి మాత్రం అడిగాను. దాన్ని పట్టుకుని ఎందుకు వేలాడతావు తమ్ముడూ, వేరే లెక్క చూసుకో, అన్నాను. పెద్ద జవాబు వచ్చింది. చదవడానికి నాకు చాలాసేపు పట్టింది.

"అన్నా, నాకు తినిపిస్తారు. కడుగుతారు. రెండు గంటలకోసారి తిప్పి పడుకోబెడతారు. గడ్డం కూడా మా ఆవిడే గీస్తుంది, గీస్తూ తిడుతుంది. ఈ ఒక్క పని నాది. ఇది నేనే చేసుకోవాలి. తేలకపోయినా పరవాలేదు, ఇంకొకళ్ళు తేల్చకూడదు."

చలి మొదలయ్యాక నాకు తేలింది. విరిగిన గాజు ముక్క ఒకటి చేతిలో తిప్పుతూ కూర్చున్నాను. ఒక చుక్క చుట్టూ మూలమట్టాలు పెడితే నాలుగు పడతాయి, ఇంక చోటుండదు. మరి మూలలన్నీ మట్టం కన్నా సన్నగా ఉండాలంటే నాలుగు చాలవు, ఐదు చేరాలి. అంటే ముక్కోణం లోపల ఎక్కడో ఒక చుక్క ఉండాలి, దాంట్లో ఐదు గీతలు కలవాలి. మూడు అంచులకీ తగిలేట్టు ఒక సీసా మూత పెట్టాను. ఆ మూతని రాసుకుంటూ పోయేట్టు అటు చివరా ఇటు చివరా సన్న మూలల్ని కోసేశాను. మధ్యలో ఐదు మూలల ముక్క మిగిలింది. మూత నడిమిన చుక్క పెట్టి ఐదు మూలలకీ గీతలు లాగాను. ఐదూ రెండూ ఏడు ముక్కలు. మూలమట్టం తీసి ఒక్కొక్కటీ చూశాను. అన్నీ లోపలే.

అంత సంతోషం నాకు చాలా ఏళ్ళుగా లేదు. ఆ సంగతి కూడా చెప్పాలి.

"నాకు తేలింది" అని పెట్టాను. "చెప్పావంటే ఊరుకోను" అని వెంటనే వచ్చింది. నాలుగు రోజులు అలిగాడు. ఐదో రోజు "చిటికెడు" అన్నాడు. నేను "చుక్క చుట్టూ నాలుగు చాలవు" అని పెట్టాను. ఆ ఒక్క మాటతో మూడు వారాలు బతికాడు. బొమ్మలు మారిపోయాయి. మొదటిసారి చుక్క లోపలికి వచ్చింది. "రీడింగు సున్నా కాదు, ముల్లు కదిలింది" అని రాశాడు. నేనా ఫొటో కోడలికి చూపించాను. "మీ మొహంలో నవ్వు ఇలా ఉంటుందా మామయ్యా, నేనెప్పుడూ చూళ్ళేదే" అంది.

తర్వాత ఫొటోలు ఆగాయి. నాలుగో రోజు ఆ నంబరు నుంచి వాళ్ళావిడ ఫోను చేసింది.

"అన్నయ్యగారూ, మీరేనా అద్దాల ఆయన? వీపు కింద పుండు పడింది. లోపలికి పోయింది. రక్తంలో విషం పాకిందంటున్నారు. రేపు కోస్తారట. ఇప్పుడే నా చేత సంతకం పెట్టించుకున్నారు. చెప్పలేం అన్నారు."

"స్పృహలో ఉన్నాడా?"

"ఉన్నారు. ఇంత జ్వరంలో ఆ అట్టే అడుగుతున్నారు. నర్సులతో గొడవ."

సాయంత్రం మీటరు దగ్గర్నుంచి ఒక ముక్క వచ్చింది. అక్షరాలు అటూ ఇటూ పడి ఉన్నాయి. "నన్ను కోసేలోపు దీన్ని కొయ్యలేను. ఇంకో చిటికెడు ఇవ్వు. వచ్చాక చూస్తా."

నేను బల్ల దగ్గర కూర్చున్నాను. ఏ మాట ఇవ్వాలో నాకు తెలుసు. "సన్న మూలలు రెండూ ముందు తీసెయ్" అంటే చాలు. ఆ మాట రాశాను కూడా. పంపలేదు. పోతాడనిపించింది. ఏడు నెలలు గుండెల మీద పెట్టుకు మోసినవాడు తెలియకుండా పోతాడు, తెలిసిన నేను ఇక్కడ మూత పట్టుకుని కూర్చుంటాను అనిపించింది.

కొత్త కాగితం తీసి మొత్తం గీశాను. పెన్సిలు మీద పెన్ను దిద్దాను. ముక్కలకి ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు వేశాను. కోడలు టీ తెచ్చి బల్ల మీద పెట్టి చూసింది.

"ఆయన ఇంత అడిగారా?"

"లేదు."

"మరి?"

"రేపు ఏమవుతుందో."

"అడిగిందే పంపండి మామయ్యా. ఏమయితే అదవుతుంది."

"తెలియకుండా పోతే?"

"పోయినవాళ్ళకి లెక్కతో పనేముంది. తెలిసిందని చెప్పుకోవాలని ఉన్నది మీకు."

మా కోడలు ఉన్నమాట అనేస్తుంది. అందుకే నేను ఆమెతో తక్కువ మాట్లాడతాను. ఆమె లోపలికి పోయాక పంపాను. కాసేపటికి ఫోనులో ఫొటో కింద రెండు గీతలూ నీలమయ్యాయి. చూశాడు.

మర్నాడు కోశారు. ఆ మర్నాడు ఏ కబురూ లేదు. నేను అన్నం ముందు కూర్చుని లేచాను. ఎనిమిదో రోజు వాళ్ళావిడ ఫోను చేసింది. "గండం గడిచింది అన్నయ్యగారూ. డాక్టరే నమ్మలేకపోతున్నారు. ఇంటికి తెచ్చేశాం." ఏడుస్తూ చెప్పింది. సంతోషపడ్డాను. పడలేదని ఎవరన్నా అంటే ఒప్పుకోను.

మరుసటి పొద్దున కాఫీ తాగుతూ ఫోను చూశాను. ఫొటో లేదు. ఎందుకుంటుంది.

పది రోజులు అలాగే పోయాయి. నేనే వాళ్ళావిడకి చేశాను.

"పుండు మానుతోందండీ. మనిషే మాట్లాడ్డం లేదు. అట్ట పెట్టబోతే చేత్తో నెట్టేశారు. అది అయిపోయింది అన్నారు. నా మీద కోపం కూడా రావట్లేదు. ముందు గడ్డం గీస్తూ నేనొకటి తిడితే, తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టేవారు."

గాజు మీద గీత ఒక్కసారే నడపాలి. అదే గీత మీద రెండోసారి కట్టరు పెడితే అది ఎటు పగులుతుందో ఎవడికీ తెలియదు. తెలిసి తెలిసి రెండోసారి పెట్టాను. మీటరుకి రాశాను. "తమ్ముడూ, నేను పంపింది తప్పు. మూడో ముక్కలో ఒక మూల మట్టం దాటింది. ముసలి కళ్ళు. లెక్క ఇంకా తేలలేదు."

అబద్ధం. మూడో ముక్క బంగారంలా ఉంది.

రెండు రోజులు ఏమీ రాలేదు. మూడో రోజు వాళ్ళావిడ సంబరంగా ఫోను చేసింది. "అట్ట అడిగారండీ. పక్కింటి పిల్ల జామెట్రీ పెట్టెలోంచి కోణాలు కొలిచేది తెప్పించుకున్నారు. పొద్దున్నుంచీ అదే పని. ఎంత చెప్పినా మాననంటున్నారు." నేను ఆ పూట కోడలితో రెండు మాటలు ఎక్కువ మాట్లాడాను. అబద్ధానికి కాళ్ళొచ్చాయి, నడుస్తోంది అనుకున్నాను.

ఇంకో మూడు రోజులకి మధ్యాహ్నం ఫోను మోగింది. ఆవిడే అనుకున్నాను.

"అన్నా."

సన్నటి గొంతు. బొమ్మల్లో చూసి నేను అనుకున్న గొంతు కాదు.

"మీటరూ."

"ఏడు ముక్కలు. ఇరవై ఒక్క మూలలు. అన్నీ కొలిచాను. నాలుగు రోజులు పట్టింది."

"ఊఁ."

"ఒక్కటి దాటలేదు. మూడో ముక్క రెండుసార్లు కొలిచా. నీ చెయ్యి మంచిది అన్నా. అబద్ధానికే పనికిరాదు."

వెనక ఎక్కడో కుక్కరు కూత వేసింది.

"కోపమా" అన్నాను.

"లెక్క పోయినందుకు అనుకుంటున్నావా? లెక్కలకేం, గుంపులో ఇంకో వంద ఉన్నాయి." ఊపిరి తీసుకున్నాడు. "ఆ రోజు మా ఆవిడ మొహం చూశాను. డాక్టరు మొహం చూశాను. పిలవకుండానే మా తమ్ముడు బట్టల సంచీతో దిగాడు. సంచీ చూస్తే తెలియదా, ఎన్ని రోజులకి వచ్చాడో. అందరూ మనసులో నన్ను అప్పుడే పంపేశారు. సరే, ఒకడున్నాడు కదా అనుకున్నాను. వాడు చిటికెడు ఇస్తాడు, మిగతాది వచ్చాక చూసుకో అంటాడు అనుకున్నాను. నువ్వు ఎలాగూ ఒక్క మాటకి మించి మాట్లాడవు, ఆ ఒక్క మాట చాలు నాకు. ఫోను తెరిచాను."

నేను బల్ల మీది సీసా మూతని పక్కకి జరిపాను.

"నువ్వు కూడా అనుకున్నావు కదా, పోతానని."

ఇక్కడ అబద్ధం చెప్పాల్సింది. ముందు ఆడినదానికి బదులు దీన్ని ఆడి ఉంటే సరిపోయేదేమో. ఆ ఒక్క క్షణంలో నాకు తోచలేదు.

"అనుకున్నాను" అన్నాను.

"అదే" అన్నాడు. "పోలేదు చూడు." ఫోను పెట్టేశాడు.

ఆ సాయంత్రం మీటరు గుంపులోంచి వెళ్ళిపోయాడని వచ్చింది. టీచరమ్మ ఏమైందని అడిగింది. కోడలి చేత జరిగింది జరిగినట్టు రాయించాను. కట్టుబాటు తప్పాను, నన్ను తీసెయ్యండి, అని చివర రాయించాను. ఎవరూ తీసెయ్యలేదు. "మీరు మంచికే చేశారు తాతగారూ" అని టీచరమ్మ రాసింది. దాని కింద ఇరవై మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఒక్కడన్నా తిడితే బాగుండు.

వెళ్ళి చూసి రమ్మంది కోడలు. బస్సులో ఒక పగలు ప్రయాణం. చొక్కా ఇస్త్రీ చేసి కూడా పెట్టింది. నేను వెళ్ళలేదు. వెళ్ళి ఆ మంచం పక్కన నిలబడితే నా మొహం కూడా చూస్తాడు. చూసినవాళ్ళ మొహాల్లో ఏముందో చదవడం వచ్చినవాడు.

నెల ఆగి ఆ నంబరుకి చేశాను. ఎవరో మగమనిషి ఎత్తాడు, బయట తిరిగే మనిషి గొంతు.

"అన్నయ్య ఫోను వాడట్లేదండీ, నాకిచ్చేశాడు. ఎవరితోనూ మాట్లాడ్డు. పడుకునే ఉంటాడు. పలకరిస్తే కళ్ళు తెరుస్తాడు, అంతే. మీరెవరు?"

రాంగు నంబరు అని చెప్పాను.