నూట నలభై ఏడో మద్దిచెట్టు

నేను ఒక సుత్తిని. నవ్వితే నవ్వండి, నాకు అలవాటే. కానీ నేను మేకులు కొట్టే రకాన్ని కాదు. అటవీ శాఖ వారి ముద్ర సుత్తిని. నాకు ఒకవైపు చిన్న గొడ్డలి, రెండోవైపు ముద్ర. గొడ్డలితో చెట్టు బెరడు అరచేయంత చెక్కి, నన్ను తిప్పి, ఆ తెల్లటి చోట ఒక్క దెబ్బ వేస్తారు. గుండ్రటి గీత, లోపల రెండు అక్షరాలు, ఒక అంకె పడతాయి. అది పడిన చెట్టుని నరికితే సర్కారు పని. పడని చెట్టుని నరికితే దొంగతనం. దొరకీ దొంగకీ మధ్య తేడా నా ముఖమేనన్నమాట!

అందుకే నేను ఎవర్నీ నమ్మను. ఇప్పుడు మీరు ఇంత శ్రద్ధగా ఎందుకు వింటున్నారో కూడా నాకు అనుమానమే. ఏమనుకోకండి.

వరంగల్ వైపు సోమాచారి అనే కమ్మరి కొలిమిలో పుట్టాను. పాత లారీ ఇరుసు ముక్కని కాల్చి, సాగ్గొట్టి, నాకో రూపం ఇచ్చాడు. సన్న ఉలితో అక్షరాలు తిరగేసి చెక్కుతుంటే ఆఫీసు నుంచి వచ్చినాయన పక్కనే ముక్కాలిపీట వేసుకుని మూడు రోజులు కాపలా కూర్చున్నాడు. పని అయ్యాక నా బొమ్మ గీసిన కాగితాన్ని అదే కొలిమిలో పడేశాడు. సోమాచారి నొచ్చుకున్నాడు. "నేనేం చేసుకుంటనయ్యా దాన్ని?" అన్నాడు. ఆఫీసాయన కాగితం బూడిదయ్యేదాకా చూసి లేచాడు. పుట్టిన పూట నేను విన్న మొదటి సంభాషణ అది.

ఆ జాగ్రత్త ఎంత కాలం నిలిచిందంటారా? నాలుగేళ్లు. ఓ గార్డు మంచి వాసనొచ్చే సబ్బు బిళ్ల తెచ్చి, నా ముఖాన్ని దాని మీద మెల్లగా అదిమాడు. ఎంత ముద్దుగా చూసుకుంటున్నాడో అనుకున్నాను, పిచ్చిదాన్ని. ఆ సబ్బు అచ్చుతో ఇంకో సుత్తి పుట్టింది. రెండేళ్లు నా ముఖం పెట్టుకుని ఆ దొంగది ఎన్ని టేకు దుంగల్ని లారీలెక్కించిందో! చివరికి దాన్ని పట్టించింది నా అంచున ఉన్న చిన్న నొక్కే. సబ్బు సంగతి జరిగాక ఓ ఫారెస్టరు గుడారం గుంజలు దిగ్గొట్టడానికి నన్ను వాడితే రాయి తగిలి, గుండ్రటి గీత ఒకచోట విరిగింది. నా ముద్రలో ఆ విరుపు ఉంటుంది, దొంగ ముద్రలో లేదు. ఆనాటి నుంచి ఆ దెబ్బని నేను నగలా చూసుకుంటాను.

ఆ గొడవ తర్వాత ఒక నియమం పెట్టారు. ఈ సుత్తితో ఒక్క దొంగ దెబ్బ పడినా, పడిందన్న అనుమానం వచ్చినా, దాని ముఖాన్ని ఆకురాయితో అరగదీసెయ్యాలి. మనుషులు తప్పు చేస్తే బదిలీ అవుతారు. నాకు మాత్రం ముఖమే పోతుంది.

ఇలా చేతులు మారి మారి గోదావరికి ఈవల ఒక రేంజికి చేరాను. అది సర్కారు అడవి. దాన్ని ముక్కలు ముక్కలుగా విభజించి, ఏడాదికో ముక్కలో ముదురు చెట్లు కొన్ని తీసేస్తారు. కింద నలిగిపోతున్న చిన్నవాటికి ఎండ తగలాలి కదా. పండ్ల చెట్లు, వాగు ఒడ్డు చెట్లు, గూళ్లున్న చెట్లు ముట్టుకోకూడదు. కాగితం మీద బాగానే ఉంటుంది. చెట్టు దగ్గర నిలబడ్డప్పుడు కదా మనిషి సంగతి తెలిసేది.

అక్కడ నన్ను మోసేది పూనెం జోగయ్య. కోయ మనిషి, యాభై దాటినవాడు, వాచర్ పని. పంతొమ్మిదేళ్లుగా రోజుకూలీ మీదే చేస్తున్నాడు. ఆ ఏడే పర్మినెంటు లిస్టులో పేరు పైకి పంపారు. మాట తక్కువ మనిషి. మాట తక్కువ వాళ్లంటే నాకు ఇంకా అనుమానం. నేను ఉండే సంచి తాళం మాత్రం బానోతు కౌసల్య దగ్గర. కొత్తగా వచ్చిన బీట్ ఆఫీసరు, చదువుకున్న పిల్ల, నడకలో చురుకు. టేపూ నోటుపుస్తకమూ చేతిలో లేకుండా నేనెప్పుడూ చూడలేదు.

నియమం ప్రకారం ముద్ర ఆఫీసరే కొట్టాలి. కానీ ఎక్కడా అలా జరగదు. ఆఫీసరు కొలిచి రాసుకుంటే, వాచర్ చెక్కి కొడతాడు. ఒకరి చూపు టేపు మీద, ఒకరి చూపు బెరడు మీద. తల పైకెత్తేవాళ్లు ఎవరూ ఉండరు. అడవిలో పనిచేసే వాళ్లే అడవిని ఛాతీ ఎత్తు వరకే చూస్తారంటే నమ్ముతారా?

ఇప్పపూలు రాలే రోజులవి. ఆ పొద్దున లావాటి నల్లమద్ది ఒకటి వచ్చింది. కౌసల్య టేపు చుట్టి "నూట తొంభై" అని రాసుకుంది. జోగయ్య ఛాతీ ఎత్తున ఒక దెబ్బ, మొదట్లో నేలకి జానెడు పైన ఇంకో దెబ్బ వేశాడు. రెండెందుకంటే, చెట్టు పడ్డాక పైముద్ర దుంగతో పోతుంది, కిందిది మొద్దుకి ఉండిపోతుంది. రెండూ పోల్చి చూస్తే దొంగ దొరుకుతాడు. తారుతో నంబరు వేశాడు. నూట నలభై ఏడు.

నన్ను సంచిలో పెట్టబోతూ జోగయ్య ఎందుకో పైకి చూశాడు. చూసి అలాగే నిలబడిపోయాడు.

"ఏమైంది జోగన్నా?" అంది కౌసల్య అప్పటికే ముందుకి నడుస్తూ.

"ఏం లేదు మేడమ్."

ఏం లేదు! ఏదో ఉన్నప్పుడే మనుషులు ఆ మాటంటారు. అప్పుడే నాకు తెలుసు, వీడు ఏదో చేస్తాడని.

చేశాడు. మధ్యాహ్నం అందరూ వాగు దగ్గర సద్దులు విప్పారు. సంచికి తాళం వెయ్యడం ఆ పూట కౌసల్య మర్చిపోయింది. జోగయ్య నీళ్ల కోసమన్నట్టు లేచి, నన్ను భుజాన వేసుకుని, నీళ్లకి ఎదురు దిక్కుకి నడిచాడు. సరాసరి ఆ నల్లమద్ది దగ్గరికే. నా గొడ్డలితోనే పైముద్రని చెక్కిపారేశాడు. తారు నంబరూ చెక్కేశాడు. నా చేత్తో నా చెంపే వాయించినట్టయింది! కిందిముద్రని చెక్కలేదు. టైం లేదేమో. చెక్కు పెచ్చులన్నీ ఏరి పొదలోకి విసిరి, చెదపుట్ట మట్టి తెచ్చి, నీళ్లతో పిసికి, కిందిముద్ర మీదా పైన పడిన గాయం మీదా మందంగా మెత్తాడు. ఆ తర్వాత ఇరవై అడుగుల అవతల ఒరిగిపోయి, సగం ఎండిన ఇంకో మద్దికి నాతోనే రెండు దెబ్బలు వేసి, నూట నలభై ఏడు అని రాశాడు.

దొంగ దెబ్బ. నా ముఖంతో, నా విరుపుతో సహా పడిన దొంగ దెబ్బ. ఇన్నేళ్లు కాపాడుకున్న పరువు ఒక్క పూటలో గంగలో కలిసింది. ఆ లావు చెట్టుని ఎవడికో మాటిచ్చుంటాడని నాకు ఇసుమంతైనా సందేహం లేదు. సబ్బు వాసన మళ్లీ ముక్కుకి తగిలింది. నాకు ముక్కెక్కడిదని అడక్కండి, కోపంలో ఉన్నాను.

శుక్రవారం రేంజర్ సుదర్శనం గారు తనిఖీకి వచ్చారు. తన నీడని కూడా రెండుసార్లు చూసుకునే మనిషి. నాకు నచ్చినవాడు. వందకి పది చెట్లు తనే కొలుస్తారు. ఆ పదిలో నూట నలభై ఏడు పడింది. పుస్తకంలో నూట తొంభై. టేపు మీద నూట యాభై నాలుగు.

ఆయన టేపు చుట్టేసుకుని జోగయ్య వైపు తిరిగారు.

"లావు చెట్టు ఏడబోయింది జోగయ్యా? ఎవనికి మాటిచ్చినవ్?"

"ఎవనికీ ఇయ్యలే సార్."

"మరి ఇదేంది?"

జోగయ్య కాలి బొటనవేలితో నేల గీరాడు. వెనక, చెట్లు నరికే మేస్త్రీ, ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు. అతని చూపు ఒకసారి వాళ్ల మీదికి పోయి వచ్చింది. నేనది గమనించాను. ఓహో, వాటాదారులు వీళ్లేనా అనుకున్నాను.

"సోమవారం నరకటం మొదలైతది," అన్నారు రేంజర్ గారు. "ఆలోపు అసలు చెట్టు నా ముంగట పెట్టాలె. లేకుంటే కేసు రాస్త. లిస్టుల నీ పేరుండదు. పంతొమ్మిదేండ్లు మట్టిల కలుస్తది, చూస్కో."

ఆయన జీపెక్కాక కౌసల్య నన్ను సంచిలోంచి తీసింది. చేత్తో నన్ను పట్టుకుని ఒక్కో మద్దినీ చూసుకుంటూ నడిచింది. అతను పది అడుగులు వెనక నడిచాడు. ఆమెకి కూడా నా జబ్బే పట్టుకుందని నాకు సంతోషం వేసింది.

ఎంతోసేపు పట్టలేదు. ఒక మద్ది మొదట్లో మట్టి మరీ నున్నగా ఉంది. చెదలు అంత నున్నగా మెత్తవు. కౌసల్య గొంతుకూర్చుని గోళ్లతో గీకింది. నా ముద్ర బయటపడింది. నన్ను తెచ్చి దానికి ఆనించింది. విరుపు విరుపుకి సరిపోయింది. "దొరికింది" అంది పళ్ల మధ్య నుంచి.

అప్పుడే పైన గాలి కోస్తున్నట్టు రెక్కల చప్పుడు. ముక్కు మీద ఇంకో ముక్కు పెట్టుకున్నట్టుండే పెద్ద పిట్ట ఒకటి వచ్చి మాను పట్టుకుని వాలింది. కౌసల్య తలెత్తింది. మాను మీద నాలుగు నిలువుల ఎత్తున మట్టితో మూసేసిన తొర్ర ఉంది. మధ్యలో వేలెడు సందు. ఆ సందులోంచి ఇంకో ముక్కు కొన బయటికి వచ్చింది. మగపిట్ట గొంతులోంచి మేడిపండు ఒకటి కక్కి అందించింది. ఇంకొకటి. ఇంకొకటి. నేను ఎనిమిదిదాకా లెక్కపెట్టి ఆపేశాను.

"లోపల ఆడపిట్ట," అన్నాడు జోగయ్య వెనక నుంచి. "తనే మట్టి పెట్టుకుని మూసుకుంటది. ఈకలన్ని రాలగొట్టుకుని గుడ్ల మీద కూసుంటది. చెట్టు పడితే ఎగరలేదు మేడమ్. ముద్ర కొట్టింది నేనే. నా చేతులతోనే కొట్టిన. పైకి చూడలే."

కౌసల్య లేవలేదు. "గూడున్న చెట్టు వదిలెయ్యమని రూలే ఉంది కదా జోగన్నా. నాకు చెప్తే అయిపోయేది. ఎందుకు చెప్పలే?"

"నిరుడు చెప్పిన."

ఆమె అతని వైపు తిరిగింది.

"నిరుడు ఇట్లనే ఒక గూడు దొరికితే పాత సారుకి చెప్పిన. సారు మంచోడే. అందరి ముంగట రాసుకున్నడు, చెట్టుకి ఎర్ర రంగు వేయించిండు. ఎనిమిది దినాలకి పోయి చూస్తే తొర్ర పగలగొట్టి ఉన్నది. పిల్లలు లేవు, తల్లి లేదు. ఉత్త ఈకలే కింద పడున్నయి. మగపిట్ట మాత్రం ఇంకా పండ్లు తెస్తనే ఉన్నది బిడ్డా. ఆ పగిలిన తొర్రకాడికి."

నాకు సిగ్గేసింది. ఇనుముకి సిగ్గేమిటంటారేమో, వేసింది. ఈ అడవిలో నా ఒక్కదానికే అనుమానం జబ్బనుకున్నాను. నాకు నా ముఖం గురించి భయం, అంతే. ఇతనికి ఆ తొర్ర గురించి భయం. అందుకని ఉద్యోగం పోయే పని చేసి, దొంగ అనిపించుకుని కూడా నోరు విప్పలేదు.

కౌసల్య నన్ను పక్కన పెట్టింది. గీకిన మట్టిని వేళ్లతో పోగుచేసి, సీసాలో నీళ్లు పోసి కలిపి, నా ముద్ర మీద తిరిగి మెత్తింది. అంచులు కూడా నొక్కింది.

సాయంత్రం రేంజి ఆఫీసులో బల్ల మీద నన్ను పెట్టి నిలబడింది.

"టేపు తప్పు చదివిన సార్. నూట నలభై ఏడు అదే, ఒరిగిన చెట్టే. జోగయ్య తప్పు లేదు."

అబద్ధం! సర్కారు ముద్ర ఎదుట, పచ్చి అబద్ధం. నోరుంటే నేను అరిచేదాన్నేమో. ఏమో, అరిచేదాన్ని కాదేమో.

"ముప్పై ఆరు సెంటీమీటర్లు తప్పు చదివినవా?" అన్నారు సుదర్శనం గారు.

"అవును సార్."

"సర్వీసు పుస్తకంల మచ్చ పడతది. మొదటి పోస్టింగే."

"పడనీయండి సార్."

ఆయన చూపు ఆమె ముఖం మీద కాదు, గోళ్ల మీద ఆగింది. గోళ్లనిండా చెదపుట్ట మట్టి. కలం తీసి మెమో రాశారు. లిస్టులో జోగయ్య పేరు ముట్టుకోలేదు. నన్ను చేతిలోకి తీసుకుని నా విరుపుని బొటనవేలితో తడిమి, "ఈ సుత్తి అనుమానాస్పదం, పంపించేయండి" అన్నారు. ఆయనకి తెలుసా, తెలియదా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నెలలోపే ఇద్దరు సాక్షుల ముందు నా ముఖాన్ని ఆకురాయితో అరగదీశారు. గీతా పోయింది, అక్షరాలూ పోయాయి, నేను నగలా చూసుకున్న విరుపూ పోయింది. ఇప్పుడు అటవీ శిక్షణ కేంద్రంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. కింద చీటీ అంటించారు: 'పాత ముద్ర సుత్తి. దుర్వినియోగం జరిగినట్టు ఆధారాలు లేవు.' చదివిన ప్రతిసారీ నాకు నవ్వొస్తుంది.

కానీ పెట్టెలో పనేముంటుంది? పాత జబ్బు తిరగబెట్టింది. సోమవారం ఏమైంది? మేస్త్రీ ఆ చెట్టుని వదిలాడా? వానల్లో ఎవడైనా నరుక్కుపోయాడా? ఆ మాటలన్నీ నటనేమో, ఆ పిల్లని ఎంత బాగా నమ్మించాడో అని కూడా ఒక్కోరోజు అనుకున్నాను. నా బుద్ధి అంతే. చెప్పేవాళ్లు లేక ఆరేళ్లు అలా నలిగాను.

మొన్న కొత్త పిల్లల్ని వెంటేసుకుని కౌసల్య వచ్చింది. ఇప్పుడు పాఠాలు చెప్పేది ఆమే. పక్కన ఖాకీ చొక్కాలో జోగయ్య. చొక్కా మీద పేరు కుట్టిన బిళ్ల ఉంది, అంటే పర్మినెంటే. ముద్ర కొట్టే ముందు చెట్టు చుట్టూ తిరిగి పైకి ఎలా చూడాలో ఆరుబయట అతనే చూపించాడట. పిల్లలు ముందుకి వెళ్లాక అతను ఒక్కడూ నా అద్దం దగ్గరికి వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. అద్దం మీద వేలితో రెండుసార్లు మెల్లగా తట్టాడు.

"ఆ యేడు రెండు పిల్లలు ఎల్లినయి," అన్నాడు నాతో. "కింద నీ దెబ్బ ఉన్నదే, బెరడు కమ్ముకుంటున్నది. ఇంకో యేడైతే కనిపియ్యది. మొన్ననే చూసొచ్చిన, తల్లి మళ్లీ లోపలికి పోయి మూసుకున్నది."

ఇతను అబద్ధం చెబుతున్నాడేమోనని అలవాటు కొద్దీ వెతుక్కున్నాను. ఎంత వెతికినా అనుమానం దొరకలేదు.